అంతర్వేది తేరు మళ్లీ కదిలింది

2020 సెప్టెంబరు 5. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేదిలో అర్ధరాత్రి దాటింది. లక్ష్మీనరసింహస్వామి గుడి దగ్గర రథశాలలోంచి మంట లేచింది. జనం పరుగున వచ్చేసరికే టేకు దూలాలు భగ్గుమంటున్నాయి. ఆరు దశాబ్దాలుగా భీష్మ ఏకాదశికి స్వామిని ఊరేగించిన రథం తెల్లారేసరికి బూడిదైంది. ఊరు గుండెలు బాదుకుంది, ఆపై రోడ్డెక్కింది. ప్రభుత్వం దర్యాప్తును సీబీఐకి అప్పగించాలని నిర్ణయించింది, కొత్త రథానికి 95 లక్షల రూపాయలు ఇచ్చింది.

గడువు చూస్తే మాఘమాసం. ఆలోగా 40 అడుగులకు పైబడిన ఏడంతస్తుల తేరు నిలబెట్టాలి.

టేకు దుంగంతా ఒకటే తీరుగా ఉండదు. బెరడు కిందుండే తెల్ల చెక్క చెదకు ఇట్టే లొంగిపోతుంది. లోపలి చేవలో సహజంగానే నూనె ఉంటుంది, వానకైనా ఎండకైనా ఓర్చుకునేది అదే. ఆ చేవ ముదరాలంటే చెట్టు అడవిలో దశాబ్దాల పాటు నిలిచి ఉండాలి. చెమ్మ ఆరని చెక్క మీద బొమ్మ చెక్కితే, ఎండ తగిలాక ఆ బొమ్మ ముఖం మీదే పగులు వస్తుంది. ఉలి పట్టినవాడు ముందు చెక్క నార ఎటు నడుస్తోందో చూసుకుంటాడు. ఎదురు నడిపితే పెచ్చు లేచిపోతుంది, లేచింది మళ్లీ అతకదు. కుసి బెజ్జంలో బిగుతుగా కూర్చోవాలి, అయినా తేరు కదిలేటప్పుడు ఆ ఊపును తట్టుకోవాలి. నెలల వ్యవధిలో అంత పని పూర్తిచేసిన వడ్రంగుల పేర్లు శిలాఫలకం మీద ఉండాల్సినవని నా అభిప్రాయం.

సముద్రపు ఉప్పుగాలికి చెక్క కంటే ముందు ఇనుము చెడుతుంది. బోల్టు తుప్పు పట్టి ఉబ్బితే చుట్టూ ఉన్న చేవ కూడా చీలుతుంది. అందుకే ఉత్సవం అయిపోయిందని రథశాల తలుపు వేసేసి ఊరుకుంటే చాలదు. బోల్టులు చూడాలి, చెక్కకు నూనె పట్టించాలి, అడుగున చెదపుట్ట లేస్తోందేమో వెతకాలి. రాత్రిళ్లు కాపలా ఎలాగూ తప్పదు.

2021 ఫిబ్రవరి 19, రథసప్తమి నాడు అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి కొత్త రథాన్ని ప్రారంభించారు. నాలుగు రోజులకు, కల్యాణం మర్నాడు, భీష్మ ఏకాదశికి స్వామి దేవేరులతో దాని మీదే ఊరేగారు.