పగ్గము బిడ్డ చేతికిచ్చిన నాడు

రాజులు కోటలు గట్టిన చరిత్రను మీరు పలుమారు వినియుందురు. నేడు నేను చెప్పబోవునది ఎవ్వరును వ్రాసిపెట్టని చరిత్ర. మన గుంటూరు, ప్రకాశము జిల్లాల రేగడి పల్లెలలో తండ్రి తన బిడ్డను తొలిసారి బండిమీద ఒంటరిగా పంపిన చరిత్ర. ఇది ప్రతి యింటను జరిగినదే. కాని బండి మారినది, బాట మారినది. వానితోపాటు తండ్రి బాధ్యతయు మారినది. ఆ మార్పును సకాలమున గుర్తింపక నేనొక తప్పు చేసితిని. అందుచేతనే ఈ ప్రసంగము.

మోటారు రాకమునుపు మన సీమకు కాళ్ళు ఒంగోలు ఎద్దులే. 1832-33 నాటి నందన కరువులో మనుష్యులతోపాటు పశువులును లెక్కకు మిక్కిలిగ నశించెను. ఎద్దులు పోయిన యింట సేద్యము పోయెను, ప్రయాణమును పోయెను. కనుక కొడుకు చేతికి పగ్గమిచ్చుట యనగా ఇంటి బ్రతుకునే ఇచ్చుట. మద్రాసునుండి కలకత్తాకు పోవు గొప్ప రహదారి ఒంగోలు, గుంటూరుల మీదుగ పోయినను, దానిని చేరువరకు మన పల్లెలకు డొంకలే గతి. వాన గురిసినచో రేగడిలో చక్రము ఇరుసువరకు దిగబడును.

అందుచేత పెద్దలు తొందరపడెడివారు కారు. పిల్లవాడు మొదట తండ్రి యొడిలో గూర్చుండి పగ్గము పట్టును. పిదప ఖాళీబండిని చేనికి తోలును. ఆపైన ఎరువుబండి. చివరకుగాని బరువుబండితో ఊరు దాటనీయరు. ఈ మెట్లను ఏ శాసనమును చెప్పలేదు, ఊరివాడుకయే శాసనము.

1961వ సంవత్సరమున, నా పదునైదవ యేట, మా నాయన మిరపకాయల బండిని నా చేతికిచ్చి గుంటూరు కమీషను కొట్టుకు పంపెను. చిలకలూరిపేట దాపున మా యూరు. దూరము పాతిక మైళ్ళు. ప్రొద్దు గ్రుంకువేళ బయలుదేరి, ఇరుసు క్రింద లాంతరు వ్రేలగట్టి, రాత్రియంతయు పోవలెను. ఆయన టిక్కీల కట్లు ముమ్మారు లాగిచూచెను. కందెన చాలలేదని నన్ను గసరెను. ఊరిచివరి చెరువుకట్ట వరకు నడచివచ్చి, "పగ్గం మరీ బిగించకు. ఎడ్లకి దారి తెలుసు" అని మాత్రమే చెప్పి వెనుదిరిగెను. నాకు కొంచెము కోపము వచ్చినది. మెచ్చుకొనునని యెంచితిని.

ఆయన గతించిన తరువాత మా యమ్మ చెప్పినది. ఆ రాత్రి ఆయన ఎద్దులులేని కొట్టములో తెల్లవారువరకు కూర్చుండెనట. ముందుబండి పెద్దమనుష్యుని యింటికి ముందే పోయి, "మావాడి మీద ఓ కన్నేసి ఉంచు" మని చేతులు పట్టుకొనెనట. నేను ఒంటరిగ పోయితినని గర్వపడితిని. నిజమునకు ఒంటరిని కాను. ముందు మూడు బండ్లు, వెనుక రెండు. బాట నెరిగిన ఎద్దులు. గంటకు రెండున్నర మైళ్ళ నడక. తప్పుచేసిన పిల్లవానికి ఆ నడక దిద్దుకొను వ్యవధి నిచ్చును.

1967 ఆగస్టులో నాగార్జునసాగరు నీరు కాలువలకు వచ్చినది. కుడికాలువ క్రింది పొలముల రూపు మారినది. ట్రాక్టర్లు వచ్చినవి. పిల్లలు వానిని మనకంటె త్వరగ నేర్చిరి. మనము సంతోషించితిమి. ఎద్దుకు తెలిసిన దారి ఇంజనుకు తెలియదని మాత్రము తలపలేదు.

పదునెనిమిదేండ్లు నిండనివారు మోటారు తోలరాదని 1939 నాటి చట్టమే చెప్పినది. నాకు తెలియును. తెలిసియు 1986లో, ప్రత్తితీత ముమ్మరముగ నున్న దినములలో, పదునైదేండ్ల నా కొడుకు చేతికి ట్రాక్టరు నిచ్చితిని. పని త్వరపడుచుండెను; వాడు ఒడుపుగ తోలుచుండెను; నలుగురు మెచ్చుచుండిరి. ఒక సాయంకాలము కూలి స్త్రీలతో వచ్చుచుండగ కాలువకట్ట మలుపున ట్రక్కు చక్రము జారి బోల్తాపడెను. ప్రాణములు పోలేదు. ఒక ముసలామె కాలు విరిగెను. వణకుచున్న నా కొడుకును నేను కొట్టబోగ, నేలపై పడియున్న ఆమెయే నన్ను వారించెను: "పిల్లోణ్ణి ఏమనమాకండయ్యా. బండి వాడి చేతికిచ్చిందెవరు?"

వైద్యము చేయించితిని, కొంత ధనమును ఇచ్చితిని. ఆమె మాత్రము బ్రతికినన్నాళ్ళు కుంటుచునే మా వాకిలి ముందునుండి చేనికి పోయెను.

ఆమె ప్రశ్ననే 33 ఏండ్లకు చట్టము అడిగినది. 2019 నాటి సవరణ ప్రకారము, మైనరు బండి తోలి నేరము చేసినచో సంరక్షకునకు మూడేండ్ల వరకు జైలును, 25,000 రూపాయల జరిమానాయు కలవు. ఆ పిల్లవానికి 25 ఏండ్లు నిండువరకు లైసెన్సు రాదు. మరుసటి యేడు మే నెలలో, ప్రకాశము జిల్లా నాగులుప్పలపాడు మండలమున, మిరప కూలీలతో వచ్చుచున్న ట్రాక్టరు కరెంటుస్తంభమును తాకి పలువురు మరణించిరి. తోలువారి వయస్సు ఎంతయైనను, యంత్రము వెనుక ఎన్ని ప్రాణములు కూర్చుండునో ఆ దినము మనకు చూపినది.

అయిన పిల్లలను కదలనీయకుండ ఉంచుట తగునా? తగదు. భయము తీరినపిదప పంపుదమన్నచో ఏ తండ్రియు ఏనాడును పంపజాలడు. కాని ఎద్దును, బండ్ల వరుసయు ఇచ్చిన కాపును నేడు మనమే ఈయవలెను. వయస్సు నిండవలెను, లైసెన్సు రావలెను, మొదట ప్రక్కన కూర్చుండి నేర్పవలెను, బరువును, రాత్రియు, పెద్దరహదారియు చివరకు విడువవలెను. పూర్వపు మెట్లే యివి.

మొన్న నా మనుమరాలు లైసెన్సు పొంది, స్కూటరుపై తొలిసారి గుంటూరునకు ఒంటరిగ పోయినది. నా కొడుకు చక్రముల గాలి ముమ్మారు నొక్కిచూచి, శిరస్త్రాణపు పట్టీ వదులైనదని ఆమెను గసరెను. ఆమె మూతి ముడుచుకొని పోయినది. వాడు ఫోను చేతబట్టుకొని చెరువుకట్టవద్ద చాలసేపు నిలిచియుండెను. నేను వానిని ఇంటికి రమ్మని పిలువలేదు. పోయి ప్రక్కన నిలిచితిని.