డేగ కన్ను, వేట తీరు: దక్కనులో వేటపక్షి ఎంపిక

కళ్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసంలో రాజోచిత వినోదాలను వర్ణిస్తూ శ్యేనవినోదం పేరుతో డేగవేటకు ప్రత్యేకంగా చోటు కల్పించాడు. ఆ రాజవంశం నేటి తెలంగాణలోని చాలా భాగాన్ని ఏలినదే కనుక, శిక్షణ పొందిన పక్షితో మరో పక్షిని పట్టించే ఈ విద్య తురుష్కుల రాకతోనే దక్కనులో మొదలైందనే అభిప్రాయం నిలవదు. విజయనగరాన్ని 1485 నుండి 1491 వరకు పాలించిన సాళువ నరసింహుని వంశనామం కూడా వేటకు పెంచే సాళువమనే డేగ పేరే. అయితే, ఏ పక్షిని ఎన్నుకోవాలి, దానితో ఏ తీరున వేటాడాలి అన్న ప్రశ్నకు సమాధానం రాజుల అభిరుచిలో కంటే నేల స్వభావంలోను, వేటకాని స్తోమతులోను వెదకవలసి ఉంటుంది.

భారతదేశపు వేటగాళ్ళు పక్షులను మొట్టమొదట కంటిని బట్టి రెండుగా విభజించారు. హిందుస్తానీలో నల్లకంటి పక్షులను సియాహ్‌చష్మ్ అని, పసుపు లేదా ఎరుపు కంటి పక్షులను గులాబ్‌చష్మ్ అని వ్యవహరించేవారు. కుమాఊఁ రాజు రుద్రదేవుడు సంస్కృతంలో రచించిన శ్యైనిక శాస్త్రం కూడా కృష్ణాక్షాలు, పాటలాక్షాలు అంటూ ఈ విభాగాన్నే పాటించింది. 1910లో హరప్రసాద శాస్త్రి ఆంగ్లానువాదంతో కలకత్తాలో ప్రకటించిన ఈ గ్రంథంలో పారశీక పక్షినామాలు సంస్కృత వేషం ధరించి కనిపించడాన్ని బట్టి, రెండు సంప్రదాయాల వేటగాళ్ళు ఒకరి పరిభాషను మరొకరు సంకోచం లేకుండా వాడుకొన్నారని గ్రహించవచ్చు.

పైకి రంగుల లెక్కగా తోచే ఈ విభజనలో వేట పద్ధతి అంతా ఇమిడి ఉంది. నల్లకంటి పక్షులైన బైరి, షాహీన్, లగ్గర్, చరగ్ మొదలైనవాటికి రెక్కలు పొడవుగా, మొనదేలి ఉంటాయి. అవి ఆకాశంలో ఎత్తుకు ఎగసి, అక్కడి నుండి ఎరమీదికి దూకి, ఆ వేగంతోనే దెబ్బ తీస్తాయి కాబట్టి వాటికి చెట్టూ చేమా అడ్డులేని విశాలమైన మైదానం కావాలి, వేటగాడు గుర్రం మీద వెంబడించగలగాలి. పసుపుకంటి పక్షులైన బాజు, బాషా, షిక్రా జాతులవి పొట్టి గుండ్రని రెక్కలు, పొడవైన తోకలు. అవి చేతి మీద నుండి సూటిగా దూసుకుపోయి, కొద్ది దూరంలోనే ఎరను కాళ్ళతో ఒడిసిపడతాయి కాబట్టి పొదలు, చేను గట్లు, తోటల అంచులు వాటికి అనువైన చోట్లు. ఈ జాతుల్లో ఆడపక్షి మగదానికంటే పెద్దది, బలమైనది అయినందువల్ల వేటగాళ్ళు సాధారణంగా ఆడదానినే కోరుకొనేవారు, పైగా ఒకే జాతిలోని ఆడ మగ పక్షులకు వేర్వేరు పేర్లు పెట్టారు: బాజు ఆడదైతే మగది జుర్రా, షిక్రా ఆడదైతే మగది చిపక్.

గ్రంథాలన్నీ ముక్తకంఠంతో కీర్తించిన పక్షి బాజు. హిమాలయ ప్రాంతపు అడవుల నుండి తెప్పించే ఈ పెద్ద డేగ కుందేలును సైతం పట్టగలదు. ఆయినీ అక్బరీలో అబుల్ ఫజల్ నమోదు చేసిన ఆహారపు లెక్కలు మొగలు కొలువులో ఏ పక్షికి ఎంత మన్నన ఉండేదో చెబుతాయి: బాజుకు 7 దాముల తూకం మాంసం, జుర్రాకు 6, బాషాకు 3, షిక్రాకు 2. దాము అంటే సుమారు 21 గ్రాముల రాగి నాణెం కనుక బాజు వంతు 150 గ్రాములకు కొంచెం తక్కువ, షిక్రా వంతు 40 గ్రాములకు కాస్త ఎక్కువ. మిగతా చోట్ల వేటపక్షులకు రోజుకు ఒక్కపూటే మేత వేస్తారని, అక్బరు కొలువులో మాత్రం రెండుపూటలా వేస్తారని కూడా ఆయన రాశాడు. చలిదేశపు బాజు మైదానాల ఎండకు తాళలేదు. వేసవిలో పాత ఈకలు రాలి కొత్తవి వచ్చేదాకా దానిని చల్లని గృహాల్లో ఉంచి, నెలల తరబడి వేట లేకుండా మేపవలసి వచ్చేది. దక్కనులో ఇంతటి ఖర్చు భరించగలిగినవారు సుల్తానులు, పెద్ద జాగీరుదారులు మాత్రమే. ఫరూఖ్ బేగ్ గీసినదిగా చెప్పే ఒక చిత్రంలో బిజాపూరు సుల్తాను రెండవ ఇబ్రహీం ఆదిల్‌షా గుర్రంపై డేగతో కనిపిస్తాడు. ఆ చేతి మీది పక్షి వేటసాధనం అయినంతగా రాజచిహ్నం కూడా.

తెలుగు నేలపై ఈ విద్య వాస్తవంగా ఎలా నడిచిందో తెలుసుకోవడానికి చిత్రాలకంటే ఒక వైద్యుని రాతలే ఎక్కువగా తోడ్పడతాయి. మద్రాసు సైన్యంలో శస్త్రవైద్యుడిగా చేరి కొంతకాలం నెల్లూరులో పనిచేసిన థామస్ జెర్డాన్, 1862–64 మధ్య వెలువరించిన భారతదేశపు పక్షుల గ్రంథంలో ఒక్కొక్క వేటపక్షికి హిందుస్తానీ పేరుతో పాటు తెలుగు పేరును, దానితో వేటాడే తీరును కూడా నమోదు చేశాడు. కడప జిల్లా లంకమల అడవుల్లో 1986లో తిరిగి కనుగొన్న కలివికోడికి ఆంగ్లంలో ఉన్న పేరు ఈయనదే.

జెర్డాన్ వివరణ ప్రకారం కొండచరియల్లో గూడుకట్టే షాహీన్‌ను ఎరమీదికి చేతి నుండి వదలరు. అది వేటగాళ్ళ బృందం నెత్తిన ఎత్తుగా వలయాలు తిరుగుతూ కాచుకొని ఉంటుంది, కింద మనుషులు పొదలు కొట్టి కౌజును లేపగానే మీది నుండి దూకుతుంది. ఈ పద్ధతిలో పక్షి మనిషిని నమ్మి గాలిలో ఎదురు చూడాలి, మనిషి దాని ఓపిక నశించేలోగా ఎరను లేపాలి. ఇద్దరిలో ఎవరు తప్పినా పక్షి తన దారిన తాను పోతుంది. చలికాలంలో వలస వచ్చే బైరి అంతకంటే పెద్దది, కొంగలనూ బాతులనూ కొట్టగలది. తురుమ్తీ అనే ఎర్రతల చిన్న డేగతో పాలపిట్టను వేటాడించేవారు. పాలపిట్ట గాలిలో పల్టీలు కొడుతూ, అరుస్తూ తప్పించుకొనే తీరే అక్కడి వినోదం. తురుమ్తీ నల్లకంటిదే అయినా ఎత్తునుండి దూకడం కంటే వెంటాడి పట్టడానికే ఎక్కువగా ఉపయోగపడింది గనుక, కంటి రంగు సూత్రాన్ని శిలాశాసనంగా తీసుకోనక్కరలేదు.

సామాన్యునికి అందినది జాలె డేగ, అంటే షిక్రా. ఊరి తోపుల్లోనే గూడుకట్టే ఈ చిన్న పక్షి ఎండకు జంకదు, బల్లులు, ఎలుకలు, పిచ్చుకలతో కడుపు నింపుకొంటుంది, కొద్ది వారాల్లోనే మచ్చికవుతుంది. దేశంలో దీనికంటే విరివిగా మచ్చిక చేసిన వేటపక్షి మరొకటి లేదని చెప్పవచ్చు. దీనితో వేటాడే తీరు కూడా ప్రత్యేకమైనది. వేటగాడు దానిని ముంజేతిపై నిలపడానికి బదులు, రొమ్ము అరచేతిలో ఆనేలా, రెక్కలూ కాళ్ళూ తోకవైపు అదిమి, తల ముందుకు వచ్చేలా కుడిచేత పట్టుకొని కోసిన చేలో నడుస్తాడు. పూరేడు రివ్వున లేచిన క్షణంలో ఈటె విసిరినట్టు దానివైపు విసురుతాడు. దూరం పరుగెత్తలేని పక్షికి ఆ విసురే తొలి వేగాన్ని ఇస్తుంది. గుర్రం, పరివారం, విశాలమైన మైదానం, ఏవీ లేని రైతుకు పూరేళ్ళు, కౌజులు, గోరింకలు దొరికే మార్గం ఇది. షిక్రాను తక్కువరకపు పక్షిగా లెక్కించిన దర్బారు గ్రంథకర్తల తీర్పు, వాడుకను చూస్తే, వేట గురించి కంటే హోదా గురించి ఎక్కువగా చెబుతుంది.

జాతిని నిర్ణయించుకొన్న తర్వాత వయసు నిర్ణయించుకోవాలి. గూటి నుండి తెచ్చిన పిల్ల మనిషికి త్వరగా అలవాటుపడుతుంది, కానీ తల్లి వద్ద వేట నేర్వనందున మనిషే నేర్పవలసి వస్తుంది, పైగా మనిషిని చూసినప్పుడల్లా మేతకోసం అరుస్తుంది. ఒకసారి ఈకలు మార్చుకొన్న ముదురు పక్షి వేటలో ఆరితేరి ఉంటుంది, కానీ లొంగదు. అందుచేత పుట్టిన ఏడాదిలోనే, స్వయంగా వేట మరిగాక, వలలో పట్టిన పక్షిని మేలైనదిగా ఎంచేవారు. రెండు కర్రల మధ్య నిలువుగా కట్టిన దోగజ అనే సన్నని వల ముందు గుడ్లగూబను ఎరగా కట్టి, దానిని తరమడానికి దూకిన డేగను పట్టేవారు. కొత్తగా పట్టిన పక్షి కనురెప్పలను కొన్నాళ్ళు దారంతో కుట్టి ఉంచడం ఆనాటి క్రూరమైన ఆచారం. చూపు లేని పక్షి బెదరదు, మనిషి గొంతునూ చేతినీ మేతతో కలిపి గుర్తుపెట్టుకొంటుంది. తర్వాత కుట్లు విప్పి, నల్లకంటి పక్షులకు తోలుటోపీ తొడిగేవారు. కాళ్ళకు తోలు పట్టీలు, పొదల్లో జాడ తెలియడానికి చిరుగంటలు అన్నిటికీ ఉండేవి. రోజూ రొమ్ము ఎముకను వేలితో తడిమి కండ ఎంత ఉందో చూసి మేత తగ్గించడమో పెంచడమో చేసేవారు, ఎందుకంటే కడుపు నిండిన డేగ పిలిచినా రాదు, మరీ బక్కచిక్కినది ఎగరలేదు. చలికాలపు వేట ముగిశాక చిన్న పక్షులను వదిలిపెట్టి, మళ్ళీ కొత్తవాటిని పట్టుకోవడం వేసవి మేత ఖర్చును తప్పించే ఉపాయం.

ఈ విద్యను వృత్తిగా చేసుకొన్న మీర్‌షికారులు సంస్థానాల పోషణ మీద బతికారు. తుపాకి వేట వ్యాపించాక వారి అవసరం తగ్గింది, 1948లో హైదరాబాదు సహా సంస్థానాల విలీనం తర్వాత జీతమిచ్చే చేతులు కరువయ్యాయి. గుజరాతులోని భావనగర్ రాజకుటుంబం వంటి కొద్దిమంది మాత్రం 20వ శతాబ్ది మధ్యకాలం దాకా దీనిని కాపాడుకొన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం డేగలను పట్టడాన్ని నిషేధించడంతో భారతదేశంలో ఈ వేట చట్టరీత్యా ముగిసింది. యునెస్కో 2010లో మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చిన డేగవేటకు 2021 నాటికి 24 దేశాలు భాగస్వాములయ్యాయి. వాటిలో పాకిస్తాను ఉంది, మానసోల్లాసం పుట్టిన దేశం లేదు.