బల్ల కింద పాత సీపీయూ, లోపల కొత్త డిస్కు

భీమవరంలో శుభలేఖలు, కరపత్రాలు కంపోజ్ చేసే డీటీపీ షాపుల్లో కంప్యూటర్‌కు అంత తేలిగ్గా రిటైర్మెంట్ రాదు. పేజ్‌మేకర్ దాన్ని కదలనివ్వదు. ఆల్డస్ కంపెనీ 1985లో తెచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ 1994లో అడోబీ చేతికి వెళ్ళింది. 2001లో వచ్చిన 7.0 తర్వాత మరో వెర్షన్ రాలేదు. అయినా తెలుగునాట అచ్చు పని చాలాకాలం దాని మీదే నడిచింది.

అంతకు ముందు అచ్చుగుళ్ళ కాలం. గుణింతాలు, వత్తులు కలిపి తెలుగుకు వందల రకాల గుళ్ళు కావాలి. కంపోజిటర్ అరల ముందు నిలబడి ఒక్కొక్కటీ ఏరి పేర్చేవాడు. అను, శ్రీలిపి ఫాంట్లు ఆ శ్రమను తప్పించాయి గానీ వాటితో ఒక చిక్కు ఉంది. అవి ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తలకట్టు, కొమ్ము, వత్తు వంటి ముక్కల్ని కూర్చి పెట్టుకున్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే అర్థంకాని గుర్తులే కనిపిస్తాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. అందుకే మావుళ్ళమ్మ ఉత్సవాల కరపత్రం నుంచి పెళ్ళి పత్రిక దాకా ఏళ్ళ తరబడి పోగైన పనంతా ఆ పాత సిస్టమ్‌తోనే ముడిపడిపోయింది.

ఈ ప్రాంతానికి కంప్యూటర్ కొత్తేమీ కాదు. భీమవరంలో ఎస్‌ఆర్‌కేఆర్ ఇంజనీరింగ్ కాలేజీ 1980లోనే మొదలైంది. 2002లో పశ్చిమ గోదావరి పల్లెల్లో ఈ-సేవ కేంద్రాలు తెరిచినప్పుడు వాటిని నడిపింది మహిళా స్వయం సహాయక సంఘాలు. పొదుపు సంఘాల మహిళలు కీబోర్డు ముందు కూర్చుని ఊరివాళ్ళ బిల్లులు కట్టించుకోవడం ఆనాటికి చిన్న విషయం కాదు. ఆ చరిత్రకు దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు.

ఆ తరం సిస్టమ్‌లన్నిటికీ ముసలితనం ఒకే చోట మొదలైంది: హార్డ్ డిస్క్‌లో. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే పళ్ళెం ఒక చుట్టు పూర్తిచేయడానికి 8 మిల్లీసెకన్లకు పైనే పడుతుంది. పళ్ళెం మీది డేటాను చదివే ముల్లు సరైన చోటికి జరిగే సమయం కూడా కలుపుకుంటే, చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్ళను సెకనుకు వందసార్లు అందుకోవడం కూడా కష్టమే. ఫాంట్లు వందల్లో ఉన్న షాపులో పేజ్‌మేకర్ తెరుచుకోవడానికి అంత సమయం తీసుకున్నది ఇందుకే. ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్ళీ ఎక్కిస్తే కొన్నాళ్ళు హుషారు, తర్వాత మళ్ళీ అదే నత్తనడక.

మందు జపాన్‌లో పుట్టింది. తోషిబాలో ఫుజియో మసువోకా 1980లలో ఫ్లాష్ మెమరీని రూపొందించారు. 1991లో సన్‌డిస్క్ (తర్వాత శాన్‌డిస్క్) తయారుచేసిన ఎస్‌ఎస్‌డీలో (ఫ్లాష్ మెమరీతో చేసిన డిస్కులో) పట్టింది 20 మెగాబైట్లే, ధర మాత్రం వెయ్యి డాలర్ల దాకా. 2011లో థాయ్‌లాండ్ వరదలు హార్డ్ డిస్క్ ఫ్యాక్టరీలను ముంచి ధరలు పెంచేశాయి. మరోవైపు ఎస్‌ఎస్‌డీ ధర దిగుతూ వచ్చి, 2017లో కింగ్‌స్టన్ ఏ400 లాంటి చవక రకాలు మార్కెట్లోకి వచ్చేసరికి పాత సీపీయూకు కొత్త డిస్కు వేయించడం చిన్న షాపుకు కూడా గిట్టుబాటైంది.

చవకది మన్నుతుందా? ఏ400లో 120 జీబీ డిస్కుకు కంపెనీ చెప్పిన రాత పరిమితి 40 టెరాబైట్లు. రోజుకు 20 జీబీ రాసినా 2,000 రోజులు, అంటే అయిదేళ్ళకు పైనే. కరపత్రాలు, శుభలేఖలు చేసే షాపు అందులో సగం రాయడం కూడా కష్టమే. డబ్బా మీద అచ్చేసిన సెకనుకు 500 ఎంబీ వేగం పాత మదర్‌బోర్డులో రాదు, సాటా-2 పోర్టు 300 దగ్గరే ఆపేస్తుంది. దానికి బాధపడనక్కర్లేదు. పాత సిస్టమ్‌ను ఏడిపించింది ముల్లు వెతుకులాట, ఎస్‌ఎస్‌డీలో అసలు ముల్లే లేదు. పెద్ద వీడియోలు కాపీ చేసేటప్పుడు చవక డిస్కు మధ్యలో నెమ్మదిస్తుంది, వీడియో మిక్సింగ్ చేసేవాళ్ళు కొంచెం ఎక్కువ పెట్టి మంచిది కొనుక్కోవాలి.

పాత విండోస్ ఎక్స్‌పీతో మాత్రం జాగ్రత్త. చెరిపేసిన ఫైళ్ళ జాగా ఖాళీ అయిందని డిస్కుకు చెప్పే ట్రిమ్ ఆదేశం విండోస్ 7తోనే వచ్చింది. ఎక్స్‌పీ పార్టిషన్‌ను 63వ సెక్టారు నుంచి మొదలుపెడుతుంది. అది ఫ్లాష్ పేజీల హద్దులతో కలవక ఒక రాతకు రెండు రాతలవుతాయి. పార్టిషన్లు విండోస్ 7 డీవీడీతో చేసుకుని ఆ తర్వాత ఎక్స్‌పీ ఎక్కిస్తే ఈ రెండో ఇబ్బంది తప్పుతుంది.

అసలు భయం కరెంటుతో. చవక డిస్కుల్లో కరెంటు పోయిన క్షణాన్ని ఆదుకునే కెపాసిటర్లు ఉండవు, కాబట్టి యూపీఎస్ బ్యాటరీ బాగుండాలి. హార్డ్ డిస్క్ పోయేముందు టక్‌టక్‌మని చప్పుడు చేసి చాలాసార్లు హెచ్చరిస్తుంది. ఎస్‌ఎస్‌డీ చడీచప్పుడూ లేకుండా పోవచ్చు, పోతే డేటా రాబట్టడం మరీ కష్టం. కరెంటు తగలకుండా వేడి గదిలో ఏళ్ళ తరబడి పడుంటే అందులోని చార్జి కారిపోయి డేటా చెడవచ్చు కూడా. అందుకని సీపీయూలోంచి తీసిన హార్డ్ డిస్క్ ఇంకా బాగుంటే యూఎస్‌బీ కేసులో పెట్టుకుని, వారానికోసారి పేజ్‌మేకర్ ఫైళ్ళను, వాటితోపాటు ఫాంట్ల ఫోల్డర్‌ను కూడా అందులోకి కాపీ చేసుకోవాలి.