రాని మనిషి పాదాలు

మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం. 1977 నుంచి దేశదేశాలా జరుపుతున్నారు కనుక ఆదివారం అనుబంధాలకూ అదొక తప్పని తద్దినమైంది. విశాఖలో మ్యూజియం ఎక్కడని అడిగితే ఎవరైనా బీచ్ రోడ్డుకేసి చెయ్యి చూపిస్తారు. ఇసుక ఒడ్డున కురుసుర జలాంతర్గామి, దానికెదురుగా టీయూ-142 విమానం, ఇంకాస్త అవతల డచ్చి బంగళాగా పేరుపడ్డ భవనంలో విశాఖ మ్యూజియం. అందులో 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్లు వేసిన పేలని బాంబు. రేవు, ఉక్కు ఉన్న ఊరు కదా, జ్ఞాపకాలనూ టన్నుల్లోనే దాచుకుంటుంది. ఈసారికి నేను తూకానికి రాని వస్తువు ఒకటి ఎంచుకున్నాను. మనిషి అడుగుజాడ.

అచ్చంగా అడుగుజాడల కోసమే కట్టిన చిన్న మ్యూజియం ఒకటి నికరాగ్వా రాజధాని మనాగ్వాలో ఉంది. ఆ పేట పేరు అకావాలింకా. సుమారు 2,100 ఏళ్ల కిందట అక్కడి సరస్సు పక్కన, అగ్నిపర్వతం కక్కిన బురద ఇంకా మెత్తగా ఉండగానే, పిల్లా పెద్దా కలిపి పదిహేను మంది దాకా నడిచి వెళ్లారు. బురద గట్టిపడింది, పైన మరిన్ని పొరలు పేరుకున్నాయి. మళ్లీ 1874లో పనివాళ్ల కంట పడేదాకా ఆ జాడలను చూసినవాళ్లు లేరు. పాపం, కొండ పేలితే ప్రాణాలరచేత పెట్టుకుని పరిగెత్తారని చాలాకాలం చెప్పుకున్నారు. అంగకూ అంగకూ మధ్య దూరం కొలిచి చూస్తే అది పరుగు కాదు, మామూలు నడక.

మన తీరానికి ఆ భాగ్యం లేదు. ఇక్కడున్నది ఇసుక, అది ఏ అడుగునూ సాయంత్రం దాకా ఉంచదు. ఇంగ్లండులోని హేపిస్‌బరో తీరంలో 2013లో ఎనిమిది లక్షల ఏళ్లకు పైబడిన మనుషుల అడుగులు బయటపడితే, రెండు వారాలు తిరిగేసరికి సముద్రం వాటిని తుడిచేసింది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల్లో ఆదిమానవుల రాతి పనిముట్లు దొరికాయి గానీ, వాటిని పట్టుకున్న మనుషుల కాళ్ల గుర్తులు మిగల్లేదు. పనిముట్ల నాటి నుంచి అశోకుడి కళింగ యుద్ధం దాకా ఈ తీరంలో ఎవరెలా బతికారన్నది చాలావరకు ఊహే. ఆధారాలు దొరకని వేల ఏళ్లను ఒక్క వాక్యంలో దాటేయడం మా వృత్తిలో పాత విద్య. నేనూ దాటేస్తున్నాను.

ఎందుకంటే నా మనసంతా తొట్లకొండ మీద ఉంది. ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరంలో, మంగమారిపేట పక్కన, సముద్రానికి 128 మీటర్ల ఎత్తున్న కొండ. దాని మీద ఏదో ఉందని ముందు కనిపెట్టింది చరిత్రకారులు కారు, నౌకాదళం. 1970ల్లో స్థావరం కోసం ఆకాశం నుంచి సర్వే చేస్తుంటే శిథిలాలు కనిపించాయి. 1988లో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకం మొదలుపెట్టింది. మహాస్తూపం, చైత్యగృహాలు, భిక్షువుల గదులు, స్తంభాల మండపం ఒక్కొక్కటే బయటపడ్డాయి. అన్నిటికంటే నాకు నచ్చేవి రాతిలో తొలిచిన నీటి తొట్లు. వాన కురిసినప్పుడే నీళ్లు పట్టుకోవాలన్న ఇంగితం ఆ కొండ మీద పుష్కలంగా ఉండేది. కింద మన అపార్టుమెంట్లలో ట్యాంకర్ కోసం ఫోన్లు చేసేవాళ్లు ఒకసారి ఎక్కి చూడాలి.

వంటశాల, భోజనశాల కూడా దొరికాయి. భిక్షువు అంటే పాత్ర పట్టుకుని ఊళ్లోకి దిగాలి, పెట్టింది తినాలి, మధ్యాహ్నం దాటాక ముద్ద ముట్టకూడదు. ఇక్కడేమో పొయ్యి కొండ మీదికే వచ్చేసింది. వెండి బంగారాలు తాకరాదని వాళ్ల వినయ నియమం. తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేల సరసన రోమన్ వెండి నాణేలు తేలాయి. ఎవరో ఓడ దిగిన వర్తకుడు, గాలివాన తప్పించుకుని గట్టెక్కినందుకు మొక్కు తీర్చుకున్నాడేమో. తీసుకున్న భిక్షువు చేత్తో తాకకుండా ఎలా తీసుకున్నాడో! సన్యాసాన్ని నడపడానికి ఇంత సంసారం కావాల్సి వచ్చిందని తలుచుకుంటే నాకు వాళ్ల మీద గౌరవం తగ్గదు, చనువు పెరుగుతుంది. వానాకాలం మూడు నెలలూ కదలకుండా ఉండాలంటే నీళ్లు కావాలి, గింజలు కావాలి, వాటిని కొండెక్కించే మనుషులు కావాలి.

ఆ తవ్వకాల్లోనే బుద్ధపాదాలు దొరికాయి. రాతి మీద పాదాలు, వాటిలో స్వస్తికం, నందిపాదం వంటి అష్టమంగళ చిహ్నాలు. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కడం ఇంకా అలవాటు కాని కాలంలో ఖాళీ ఆసనం, బోధివృక్షం, చక్రం, పాదాలు ఆయన ఉనికిని చెప్పేవి. మనకిది కొత్త సంగతేమీ కాదు. కృష్ణాష్టమి నాడు వాకిట్లో నుంచి దేవుడి గదిదాకా పిండితో చిట్టి పాదాలు వేస్తాం. గుళ్లో శఠారి నెత్తిన పెట్టించుకునేటప్పుడు తల మీద ఆనేది దేవుడి పాదాలే. మనిషి అక్కర్లేదు, పాదం చాలు. ఆ లెక్క మన ఇళ్లలో ఇంకా చెలామణిలోనే ఉంది.

నన్ను పట్టుకుని వదలనిది మరొకటి. బుద్ధుడు ఈ కొండ ఎక్కలేదు. ఆయన తిరిగిందంతా గంగా మైదానంలో. అంటే రాని మనిషి పాదాలు ఇక్కడ రాతిలో నిలిచాయి. తొట్లు తొలిచినవాళ్లు, ఇటుకలు మోసినవాళ్లు, గింజల మూట నెత్తిన పెట్టుకుని రోజూ ఎక్కి దిగినవాళ్లు వేల అడుగులు వేశారు, ఒక్కటీ మిగల్లేదు. మనాగ్వాలో సరిగ్గా దీనికి తిరగబడింది. అక్కడ ఏ ప్రాముఖ్యమూ లేని జనం నడక నిలిచిపోయింది, గొప్పవాళ్ల పేర్లు పోయాయి. రెండూ ఇంచుమించు ఒకే కాలానివి. ఏది మెరుగని నన్నడిగితే అకావాలింకాకే ఓటు వేస్తాను. విశాఖవాణ్ణయి ఉండి ఈ మాట అనడం కొంచెం ద్రోహమే.

చెక్కిన పాదాలకు మళ్లీ ప్రయాణయోగం కూడా ఉంటుంది. విశాఖపట్నం కూడా కలిసిన ఉత్తర సర్కారుల కమిషనర్‌గా పనిచేసిన వాల్టర్ ఇలియట్ 1845లో అమరావతి స్తూపం తవ్వించాడు. ఆ రాళ్లు మద్రాసు చేరి, ఏళ్ల తరబడి ఎండావానల్లో పడి ఉండి, 1859లో లండన్ ఓడ ఎక్కాయి. అదే ఏడాది దొరగారు తెలుగు జిల్లాల మొక్కల పేర్లన్నీ ఏర్చి కూర్చి 'ఫ్లోరా ఆంధ్రికా' అచ్చు వేయించారు. మొక్కల మీద ఉన్న శ్రద్ధ రాళ్ల దాకా రాలేదు. అక్కడికెళ్లాకా వాటికి గతి లేదు. 1867లో జేమ్స్ ఫెర్గూసన్ ఒక బండ్ల షెడ్డులో వాటిని చూసి పైకి తెచ్చేదాకా మూలనే పడి ఉన్నాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి బుద్ధపాదాలు అద్దాల వెనక భద్రంగా ఉన్నాయి.

తొట్లకొండ తన పాదాలతో సహా మూడో శతాబ్దం వచ్చేసరికి సద్దుమణిగింది. తరవాత కులోత్తుంగుడు, సింహాచలం శాసనాలు, డచ్చివాళ్లు, ఇంగ్లిషువాళ్లు. 1933లో రేవు తెరిచారు, 1971లో ఉక్కు కర్మాగారానికి పునాదిరాయి పడింది. ఇక్కడి నుంచి కథ వరసగా నడవదు. కొండ కింది భూముల మీద జగడాలు వచ్చాయి. బాగు చేసి నిలబెట్టిన మహాస్తూపం 2019 అక్టోబరు వానలకు ఒక పక్క కూలింది. రెండు వేల ఏళ్లనాటి తొట్లు మాత్రం ఆ వాననూ నింపుకునే ఉంటాయి. కూలినచోట మళ్లీ ఇటుకలు పేర్చారు. ఎర్రమట్టి దిబ్బలను 2014లో భూవారసత్వ సంపదగా గుర్తించారు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరాయి. మధ్యలో 2024లో దిబ్బల చెంతే యంత్రాలు పెట్టి చదును చేస్తున్నారని గొడవైంది. తొట్లకొండకు జనం రాకపోలేదు, వస్తున్నారు. ఎక్కువమంది పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకునే జంటలు. స్తూపం వాళ్ల వెనక కాస్త మసకగా పడుతుంది.

అనకాపల్లి దగ్గర శంకరంలో, 1907-08లో అలెగ్జాండర్ రీ తవ్వించిన బొజ్జన్నకొండది ఇంకో వైఖరి. ఏటా కనుమ నాడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వచ్చి, అక్కడి బౌద్ధ కట్టడాన్ని రాక్షసుడి పొట్ట అనుకుని రాళ్లు విసిరేవాళ్లు. వారసత్వ సంస్థలు నచ్చజెప్పి మాన్పించాయి, మంచి పనే. అయితే ఒక్క సంగతి వాళ్ల పక్షాన చెప్పాలి. మ్యూజియం దినోత్సవమని ఎవరూ గుర్తు చేయకపోయినా, ఆ కొండకు ఏడాదికోసారి తప్పకుండా వెళ్లింది వాళ్లే.