పొగాకు ఆకు చెప్పిన సంగతి, మన మినుముకి ఎంతవరకు?

ఈ మధ్య మందుల కొట్లో "మొక్కకి రోగనిరోధక శక్తి పెంచుతుంది" అని ఓ సీసా చేతిలో పెడుతున్నారు. మినుముకీ అదే, మిరపకీ అదే. ఇందులో నిజమెంతో తెలియాలంటే పొగాకు దగ్గర మొదలుపెట్టాలి. ఒంగోలు, కందుకూరు వాళ్లకి ఆ పంట గురించి నేను చెప్పేదేముంది లెండి.

1961లో అమెరికాలో ఫ్రాంక్ రాస్ అనే శాస్త్రవేత్త పొగాకు మొక్క కింది ఆకులకి కావాలనే మొజాయిక్ వైరస్ రుద్దాడు. మచ్చలు పడి అక్కడే ఆగాయి. కొన్నాళ్లాగి పై ఆకులకి రుద్దితే మచ్చలు బాగా చిన్నవయ్యాయి. కింది ఆకు దెబ్బతిని పై ఆకుకి కబురు పంపిందన్నమాట!

1969లో ఫ్రెంచి బీన్స్‌లోనూ ఇలాంటిదే చూశారు. బీన్స్‌కి మచ్చతెగులు తెచ్చే బూజు, మన మిరపలో కాయకుళ్లు తెచ్చే బూజుకి దాయాది. బీన్స్‌ని ఏమీ చెయ్యలేని రకం బూజు ముందు పూస్తే, వెనక వచ్చిన అసలు తెగులు అంతగా పట్టలేదు.

1979లో ఇంగ్లండులో వైట్ అనే ఆయన పొగాకు ఆకుల్లోకి ఆస్పిరిన్ ఎక్కించి చూశాడు. అవును, మనం తలనొప్పికి మింగే బిళ్లే. వైరస్ మచ్చలు తగ్గాయి. తెగులు సోకిన మొక్క అలాంటి శాలిసిలిక్ యాసిడ్‌ని తనే తయారు చేసుకుంటుందని 1990లో తేలింది. దాని దారిలోనే పనిచేసే బయాన్ అనే మందుని సిబా-గైగీ కంపెనీ తయారుచేస్తే, 1996లో యూరప్ గోధుమ చేలలో బూడిద తెగులు మీదకి వచ్చింది.

ఇక్కడే మనం మోసపోయేది. ఈ రకం మందు బూజుని చంపదు, మొక్కని మేల్కొలుపుతుంది. దానికి కొన్ని రోజులు పడుతుంది. మినుము ఆకు మీద తెల్ల బూడిద కనపడ్డాక కొడితే డబ్బు దండగ. పచ్చి ఆకు మీద బతికే బూడిద తెగులు లాంటి వాటికైతే ఈ దారి నప్పుతుంది. వేరుని చంపి తినే కుళ్లు తెగుళ్లకి పెద్దగా పనిచెయ్యదు. పైగా తెగులే రాని ఏడు కొడితే, మొక్క తన బలం అటు ఖర్చుపెట్టి దిగుబడి తగ్గిన సందర్భాలూ ఉన్నాయి.

మన లాం ఫారం వాళ్లు వేరే దారి పట్టారు. 1980ల్లో వచ్చిన ఎల్.బి.జి. 17 మినుము బూడిద తెగులుని విత్తనంలోనే తట్టుకుంటుంది. వరి కోసిన మాగాణుల్లో అది ఎంత నడిచిందో పెద్దవాళ్లనడగండి.

సీసా కొనేముందు లేబుల్ మీద మందు పేరు, పంట పేరు, తెగులు పేరు మూడూ ఉన్నాయేమో చూడండి.