ఎఫ్ దగ్గర ఆగిపోయినవాళ్లం

గిటార్ కొన్న రెండు నెలలకు సి, జి, ఎ మైనర్ కార్డులు చేతికొచ్చాయి. ఎఫ్ దగ్గర బండి ఆగింది. చూపుడు వేలు మొదటి మెట్టు మీద ఆరు తీగలకూ అడ్డంగా పడుకోవాలి. మిగతా మూడు వేళ్లూ దాని ముందు ఇ కార్డ్ ఆకారం పట్టాలి. నేను పడితే చెక్క మీద తట్టినట్టు టక్కుమనడం తప్ప ఇంకేమీ వినపడదు. గుడిమల్కాపూర్‌లో మాది రెండు గదుల ఇల్లు. గిటార్‌ని మంచం కిందికి తోసేస్తే ఇంట్లోవాళ్లతో పాటు పక్కింటివాళ్లూ సంతోషించేవాళ్లే. "నా వేళ్లు పొట్టివి, నాకు రాదు" అనుకున్నాను. ఈ మాట నాకు కొత్తేం కాదు. ఈత, తబలా రెండూ ఇలాంటి మాట అనుకునే మానేశాను.

ఈసారి మానేసే ముందు ఒక్కటి తెలుసుకోవాలనిపించింది. ఈ ఎఫ్ ఎప్పట్నుంచి ఇంత కష్టం?

వెతుక్కుంటూ పోతే మన ఊరు పుట్టిన కాలానికి చేరాను. హైదరాబాద్ కట్టింది 1591లో. ఐదేళ్ల తర్వాత, 1596లో, బార్సిలోనాలో జొవాన్ కార్లెస్ అమాత్ అనే వైద్యుడు గిటార్ నేర్చుకునేవాళ్ల కోసం ఒక చిన్న పుస్తకం వేశాడు. అప్పటి గిటార్‌కి ఐదు జతల తీగలుండేవి. దాని మీద పట్టే 12 మేజర్, 12 మైనర్ కార్డులకు ఆయన అంకెలు పెట్టాడు. 1606లో ఫ్లోరెన్స్‌లో గిరోలామో మోంతెసార్దో అంకెల బదులు అక్షరాలతో ఇంకో పుస్తకం అచ్చేశాడు. స్వరలిపి అక్కర్లేదు, గురువు అక్కర్లేదు, ఎవరికి వాళ్లే నేర్చుకోవచ్చని ఆ పుస్తకం పేరులోనే హామీ ఉంది. పది నిమిషాల్లో గిటార్ నేర్పిస్తామనే వీడియోలకు ఇది ముత్తాత అన్నమాట.

ఆ అక్షరాలకీ ఇప్పటి కార్డుల పేర్లకీ పొంతన లేదు. మనం ఎఫ్ అనే దాన్ని వాళ్లు జి అని రాసేవారు. ఆ జి పటాన్ని చూసినప్పుడు నాకు కొంచెం కోపం వచ్చింది, బోలెడంత ఊరట కలిగింది. అందులో చూపుడు వేలు చివరి రెండు తీగల మీద పడితే చాలు. లావుగా ఉండే ఆరో తీగ అసలు లేనే లేదు. తీగలు కూడా జంతువుల పేగులతో చేసినవి, వేలికి మెత్తగా ఉండేవి.

ఒక్కో తీగతో ఆరు తీగల గిటార్ స్థిరపడింది 18వ శతాబ్దం చివర్లో. స్టీల్ తీగల వాడకం బాగా పెరిగింది 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో. ఇప్పుడు నా చేతిలో ఉన్నలాంటి గిటార్ మీద ఆరు తీగల బిగువు కలిపితే 70 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. పైగా ఎఫ్ పట్టేది మొదటి మెట్టు దగ్గర. తీగ మొదలయ్యే చోటుకి అంత దగ్గరగా దాన్ని కిందికి నొక్కడానికి బలం ఎక్కువ కావాలి. అంటే 400 ఏళ్లలో గిటార్‌కి తీగ పెరిగింది, లోహం మారింది, కష్టం పెరిగింది. కార్డుల పటం మాత్రం ఇప్పటికీ మొదటి పాఠాల్లోనే ఉంది, ఇవేవీ జరగనట్టు.

సరే, నేనూ 1606కి వెళ్లిపోయాను. ఆరో తీగని వదిలేసి పాత జి పట్టడం మొదలుపెట్టాను. వారానికి సగం పలికింది. మిగతా సగం ఎందుకు పలకట్లేదో పటం చెప్పదు. వేలు ఎక్కడ పెట్టాలో అది చూపిస్తుంది గానీ, నేను వాయించేది వినదు కదా.

ఇక్కడే పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గుర్తొచ్చాడు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుకి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటని తీగల మీద వెతుక్కునేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేసేనాటికి శ్రీనివాస్‌కి ఇంకా పదేళ్లు నిండలేదు. వేళ్లు ఎలా పెట్టాలో గురువు చూపించలేకపోయినా, పలికిందో లేదో వినేవాడు ఎదురుగా ఉన్నాడు. గురువు అక్కర్లేదన్న మోంతెసార్దో లెక్కలో ఈ వినడం రాలేదు.

మా అమ్మ రోజూ మార్కెట్ నుంచి విడి పూలు తెచ్చి మూరలు కడుతుంది. ఆ సాయంత్రం కనకాంబరాలు కడుతూ, తల ఎత్తకుండానే అంది: "నడుమ ఒకటి పలుకుతలేదురా."

గిటార్‌కి ఎన్ని తీగలో కూడా అమ్మకి తెలీదు. చూస్తే నిజమే. మధ్యవేలు పక్క తీగకి ఆనుకుని దాని నోరు మూస్తోంది. వేలు కాస్త నిలబెట్టాను. పలికింది.

ఇప్పుడు ఆరో తీగ కూడా కలుపుతున్నాను. అడ్డంగా పడుకున్న చూపుడు వేలు నిజంగా పలికించాల్సింది మూడు తీగలనే, మిగతా మూడూ వేరే వేళ్ల కింద ఉంటాయని తెలిశాక భయం సగం పోయింది. లావు తీగ ఇంకా బరబరమంటోంది. అమ్మ "మళ్ల కొట్టు" అంటోంది.