స్థూలకాయ శస్త్రచికిత్సానంతర సమస్యలకు ఎండోస్కోపీ చికిత్స

స్థూలకాయాన్ని తగ్గించే శస్త్రచికిత్స (బేరియాట్రిక్ సర్జరీ) జరిగిన తరువాత ఏర్పడే లీకు, ఇరుకు, పుండు, రక్తస్రావం వంటి సమస్యలను మళ్ళీ పొట్ట కోయకుండా, నోటి ద్వారా పంపిన గొట్టంతో సరిచేసే విధానమే ఈ ఎండోస్కోపీ చికిత్స. తెలుగులో ఎండోస్కోపును అంతర్దర్శిని అని కూడా అంటారు.

నేపథ్యము

అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్, చికాషి ఇటో అను వైద్యులు 1966లో గ్యాస్ట్రిక్ బైపాస్‌ను ప్రారంభించారు. ఇందులో జీర్ణాశయపు పైభాగాన్ని చిన్న సంచిగా వేరుచేసి చిన్నప్రేగుకు కలుపుతారు. మన దేశంలో ఎక్కువగా జరిగే మరొక పద్ధతి స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. ఇందులో జీర్ణాశయంలో సుమారు ముప్పాతిక భాగాన్ని తొలగించి, మిగిలినదానిని సన్నని గొట్టంలా ఉంచుతారు. ఏ పద్ధతికి ఏ చిక్కు వస్తుందనేది ఈ నిర్మాణాన్ని బట్టే ఉంటుంది.

లీకు

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. స్లీవ్ తరువాత నూటికి ఒకరిద్దరికి కుట్టు వరుస విడిపోయి, జీర్ణాశయంలోని ద్రవం కడుపులోకి కారుతుంది. సాధారణంగా ఈ రంధ్రం అన్నవాహిక జీర్ణాశయంతో కలిసేచోటికి దగ్గరగా ఉంటుంది. కొందరికి ఇది రోగి ఇంటికి చేరిన తరువాత బయటపడుతుంది.

లీకు ఎందుకు త్వరగా మానదో సాగర్ ఎడమ కాలువ క్రింది రైతులకు చెప్పనక్కరలేదు. దిగువన తూము బిగిసి ఉంటే ఎగువన పడిన గండి పూడదు. స్లీవ్ గొట్టం సన్ననిది. దాని చివర కండరపు కవాటం ఉంటుంది. నడుమ ఇరుకు కూడా ఏర్పడితే లోపలి ఒత్తిడి మరింత పెరిగి ద్రవం రంధ్రం వైపే పోతుంది. కావున వైద్యులు రంధ్రంతోపాటు దిగువ ఇరుకును కూడా బెలూనుతో వెడల్పు చేస్తారు.

రంధ్రాన్ని కప్పుతూ తొడుగు ఉన్న లోహపు స్టెంటును కొన్ని వారాలపాటు ఉంచడం పాత పద్ధతి. ఇది స్థానం తప్పి జారిపోవచ్చు, వాంతులు, నొప్పి కలిగించవచ్చు. రెండు చివరలా వంకీ తిరిగిన సన్నని ప్లాస్టిక్ స్టెంట్లను రంధ్రం గుండా చీము గూడులోకి పంపి, చీమును తిరిగి జీర్ణాశయంలోకే పారించడం మరొక పద్ధతి. చీము గూడులో స్పాంజి ఉంచి పీల్చుడు యంత్రంతో శుభ్రపరచే పద్ధతి కూడా ఉన్నది. అయితే స్పాంజిని మూడు నుండి ఐదు రోజులకొకసారి మార్చాలి గనుక ఆసుపత్రిలోనే ఉండవలసివస్తుంది. దూరప్రాంతపు రోగికి వంకీ స్టెంట్లే కొంత అనుకూలమని చెప్పవచ్చు; పరిస్థితి నిలకడగా ఉంటే వాటితో ఇంటికి వెళ్ళవచ్చు. కడుపంతా చీము వ్యాపించి, రక్తపోటు పడిపోయిన రోగికి మాత్రం ముందుగా శస్త్రచికిత్సే శరణ్యం.

ఇరుకు, పుండు, పైత్యనాళపు రాళ్ళు

బైపాస్ కలయిక ఇరుకైతే మొదట గట్టి ఆహారం, తరువాత జావ, చివరకు నీరు కూడా దిగదు. బెలూనుతో విడతలవారీగా వెడల్పు చేస్తే చాలామందికి నయమవుతుంది. విడవని వాంతులు ఉన్నవారికి బి1 విటమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం కలదు.

కలయిక వద్ద వచ్చే పుండుకు పొగత్రాగడం, నొప్పి మాత్రలు ముఖ్య కారణాలు. మోకాళ్ళ నొప్పులకని మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే మాత్ర బైపాస్ అయినవారికి తగదు. పుండు నుండి రక్తం కారితే ఎండోస్కోపు ద్వారా సూది మందు, క్లిప్పులతో ఆపుతారు.

బరువు వేగంగా తగ్గినపుడు పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడటం సాధారణం. రాయి పైత్యనాళంలోకి జారితే, బైపాస్ వల్ల మామూలు దారి మారిపోయినందున ఎండోస్కోపు అక్కడికి చేరడం కష్టం. పొడవైన ప్రత్యేక ఎండోస్కోపుతో గాని, లాపరోస్కోపీ సహాయంతో గాని దారి చేసుకుంటారు.

తెలుగునాట

హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ తెలుగునాట ఎండోస్కోపీకి ప్రధాన కేంద్రం. దాని స్థాపకులు, విశాఖపట్నంలో జన్మించిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డికి 2025లో పద్మవిభూషణ్ లభించింది.

పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమైన నందిగామ, జగ్గయ్యపేట 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నాయి. రెండూ హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారిపైనే ఉన్నా, విజయవాడకు నందిగామ నుండి సుమారు 50, జగ్గయ్యపేట నుండి సుమారు 80 కిలోమీటర్లు. శస్త్రచికిత్స చేయించుకుని ఊరికి వచ్చినవారికి నాడి నిమిషానికి 120 దాటడం, జ్వరం, ఆయాసం, ఎడమ భుజంలో నొప్పి, ఆగని వాంతులు, నల్లని విరేచనం - వీటిలో ఏది కనిపించినా గ్యాసు నొప్పి అనుకుని ఊరుకోరాదు. పొట్ట మెత్తగా ఉన్నా లీకు ఉండవచ్చు. స్థూలకాయులలో పొట్ట పరీక్షలో సులభంగా తెలియదు, నాడి వేగమే తొలి సూచన కావచ్చు. స్థానిక వైద్యునికి ఏ శస్త్రచికిత్స జరిగినదో చెప్పి, డిశ్చార్జి కాగితం చూపి, సి.టి. స్కాను, ఎండోస్కోపీ ఉన్న ఆసుపత్రికి అదే రోజు తరలించాలి.